సావిత్రమ్మ నడిచిన దారి

ఓబళప్ప కన్నడ సీమలోని బళేపేటకు వచ్చిన రోజున అతణ్ణి మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. ఆషాఢం వాన సన్నగా పడుతోంది. గాజుల దుకాణం మెట్ల దగ్గర గడ్డం పెరిగిన మనిషొకడు, భుజం మీద నిద్రపోతున్న ఆడబిడ్డతో, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. దుకాణం యజమాని పిల్లప్ప అతణ్ణి బిచ్చగాడనుకుని "పో అప్పా, ముందుకు పో" అన్నాడు. "మామా, నేను" అని ఆ మనిషి అన్నాక గానీ తన అల్లుడని ఆయనకు తెలియలేదు. తెలిసిన మరుక్షణం ఆయన చూపు అల్లుడి వెనక వీధిలోకి పోయింది. వెనక ఎవరూ లేరు.

అది 1942. జపాను వాళ్ళు రంగూను పట్టుకుని నెలలు గడిచాయి. బర్మాలో బతకబోయిన మనవాళ్ళు లక్షల మంది కొండలూ అడవులూ పడి నడిచి వస్తున్నారని పత్రికల్లో రోజూ వస్తూనే ఉంది. పిల్లప్ప కూతురు సావిత్రమ్మ, అల్లుడు ఓబళప్ప పెళ్ళయిన కొత్తలోనే రంగూను పోయి అక్కడ గాజు సామాన్ల అంగడి పెట్టుకున్నారు. వాళ్ళ క్షేమం తెలియక ఇంటిల్లిపాదికీ అన్నం సయించడం మానేసి చాలా రోజులైంది.

అలికిడి విని పిల్లప్ప భార్య పార్వతమ్మ దుకాణం వెనక వంటింట్లోంచి పరుగున వచ్చింది. ఆమె వెనకే కొడుకు వెంకటగిరియప్ప వచ్చాడు. ఇంట్లోనూ బయటా అందరూ అతణ్ణి గిరి అనే పిలుస్తారు. వైమానిక దళంలో పైలట్. సెలవు మీద ఇంటికి వచ్చి రెండు రోజులైంది.

"సావిత్రి యాడప్పా?" అంది పార్వతమ్మ.

ఓబళప్ప నేల చూస్తూ ఒక్క ఊపిరిలో చెప్పాడు. "జ్వరం వచ్చిందత్తా. కొండల్లో క్యాంపు ఆసుపత్రిలో ఉండాది. నడవలేకపోయింది. బిడ్డను తీసుకోని నువ్వు ముందు పో, నేను వెనక వస్తాననింది. బాగైనాక లారీలో పంపిస్తామని చెప్పినారు."

"ప్రాణంతో ఉండాది కదా?"

"ఉండాది."

పార్వతమ్మ దేవుడి గదిలోకి పోయి దీపం పెట్టింది. మనవరాలు వెంకటలక్ష్మికి స్నానం చేయించి, జుట్టులోని పేలు తీస్తూ, మీ అమ్మ వచ్చేస్తుందే, రేపో ఎల్లుండో వచ్చేస్తుందే అని చెబుతూ కూర్చుంది. మూడేళ్ళ ఆ బిడ్డ నేల మీద వేలితో గీతలు గీస్తూ ఉండిపోయింది.

గిరికి అక్కంటే అమ్మ తర్వాత అమ్మ. పుట్టినప్పుడు తల్లికి సుస్తీ చేస్తే ఏడేళ్ళ సావిత్రే చంకనేసుకుని తిప్పింది. బళ్ళో వేసింది ఆమె, జేబురుమాలు మడిచి పెట్టింది ఆమె. కాలేజీ అయ్యాక విమానాలు నడుపుతానని అతడు అంటే, తరతరాల గాజుల వ్యాపారం వదిలేసి గాల్లో ఎగిరేదేంటని పిల్లప్ప ఇల్లెగిరిపోయేలా అరిచాడు. పుట్టింటికి వచ్చి ఉన్న సావిత్రమ్మే తండ్రి ముందు నిలబడింది. "వాడు గాజులమ్మేదానికి పుట్టలేదు నాయనా. పోనీ వాణ్ణి" అని గొడవపడి ఒప్పించింది.

రంగూను పడిపోయే ముందు ఫిబ్రవరిలో గిరి దళం ఆ ఊరి పక్కనే దిగింది. వాళ్ళకిచ్చినవి లైసాండర్లని, మెల్లగా పోయే పాత రకం విమానాలు. ఒక సాయంత్రం తీరిక దొరికితే అక్క ఇంటికి పోయాడు. వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. సావిత్రమ్మ చింతపండు దొరకలేదని నిమ్మకాయ పిండి చారు పెట్టింది. అన్నం వడ్డిస్తున్నంతసేపూ తమ్ముడి యూనిఫారాన్ని ముట్టుకుని చూసింది. ఓడల్లో చోటు దొరకడం లేదని ఓబళప్ప చెబితే, మాండలే వైపు పొండి బావా, అక్కణ్ణుంచి దారి ఉంది అన్నాడు గిరి. అప్పుడు ఎవరైనా అదే చెప్పేవాళ్ళు. మార్చిలో దళం మొత్తాన్ని వెనక్కి పిలిచి పెషావరు పంపేశారు. అక్కావాళ్ళు మాండలే చేరారని విన్నాడు. ఆ తర్వాత ఇక ఏ కబురూ లేదు.

శ్రావణం వచ్చింది, పోయింది. లారీలో పంపుతామన్నవాళ్ళు పంపలేదు. బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఎవరు కనబడినా పిల్లప్ప పట్టుకుని అడిగేవాడు. వాళ్ళు ఒక్కో క్యాంపు పేరు చెప్పేవాళ్ళు. ఏ క్యాంపులోనూ సావిత్రమ్మ అనే పేరుగల మనిషి లేదని జవాబు వచ్చేది. ఏ కొండజాతివాళ్ళో దయతలచి ఇంట్లో పెట్టుకుని ఉంటారనీ, యుద్ధం అడ్డం పడి రాలేకపోతోందనీ పార్వతమ్మ తనకు తానే చెప్పుకుంది. ఓబళప్ప ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. మామ దుకాణంలోనే పనికి కూర్చున్నాడు. రాత్రిళ్ళు అన్నం ముందు కూర్చుని కలుపుతూ కలుపుతూ లేచిపోయేవాడు. పెళ్ళాం మీద బెంగ అనుకున్నారు అందరూ.

మరుసటి ఏడు గిరి సెలవు మీద వచ్చినప్పుడు తల్లి చెంబుతో నీళ్ళిస్తూనే అడిగింది. "చూస్తివా అప్పా?"

"ఏందమ్మా?"

"దాన్ని. పైన తిరగతా ఉంటావు కదా. కిందికి చూడవా?"

విమానం ఎంత ఎత్తున పోతుందో, అడవి పైనించి ఎట్లా ఉంటుందో ఆమెకు చెప్పాలనుకున్నాడు. ఆమె ముఖం చూశాక చెప్పలేకపోయాడు. "నేనిప్పుడు ఆ పక్క పోవడం లేదమ్మా" అన్నాడు.

"పోయినప్పుడు చూడు. పచ్చగా, పొడుగ్గా ఉంటుంది మీ అక్క. ఎంత గుంపులో ఉన్నా తెలిసిపోతుంది."

1944 మొదట్లో గిరి నిజంగానే ఆ పక్కకు పోయాడు. దళానికి ఇప్పుడు హరికేన్లు వచ్చాయి. ఒంటి మనిషి నడిపే యుద్ధవిమానాలు. మకాం ఇంఫాల్. పని, శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడం. ఎప్పుడూ ఇద్దరే జంటగా పోవాలి. ముందున్నవాడు నేలను చూస్తాడు. వెనకున్నవాడు ఆకాశాన్ని చూస్తూ ముందువాణ్ణి కాపాడతాడు. గిరి వెనక ఎగిరేది పూణచ్చ అనే కొడగు కుర్రవాడు. కన్నడం తెలిసిన ఇద్దరూ ఒకచోట పడేసరికి స్నేహం కుదిరింది.

మొదటిసారి బర్మా సరిహద్దులోని టాము ఊరి దారి మీదుగా పోయినప్పుడు గిరి నేల మీదనుంచి కళ్ళు తిప్పలేదు. రెండేళ్ళ కిందట జనం నడిచిన దారి అదే. దారి పక్కన తుప్పుపట్టిన మోటారు కార్లు ఇంకా అట్లాగే పడి ఉన్నాయి. కిందికి దిగితే కుట్టుమిషనొకటి, ఇనప్పెట్టొకటి కనిపించాయి. ఇంకా దిగితే, వాగుల దగ్గర, తెల్లగా కుప్పలు కుప్పలుగా ఏవో కనిపించాయి. ఎముకలని తెలిశాక గిరి విమానాన్ని పైకి లేపాడు.

అక్క దొరకదని అతడికి తెలుసు. చదువుకున్నవాడు, లెక్క తెలిసినవాడు. అయినా విమానం ఎక్కగానే అమ్మ మాట చెవిలో పడేది. కొండవాలున నాలుగు గుడిసెలు కనిపిస్తే చాలు, చెట్ల కొనలు రెక్కలకు తగిలేంత కిందికి దించేవాడు. ముంగిట్లో ఎవరైనా ఆడమనిషి నిలబడితే, చీర కట్టిందా లేదా అని మెడ తిప్పి చూసేవాడు. మళ్ళీ చుట్టి వచ్చి ఇంకోసారి చూసేవాడు. ఆ చూపులో వేరేవి కూడా పడేవి. కొమ్మల కింద దాచిన లారీలు, కొత్తగా వేసిన వంతెనలు, పొగ రాకుండా రాజేసిన పొయ్యిలు. అవన్నీ పటం మీద గుర్తుపెట్టి ఇచ్చేవాడు. మరునాడు పెద్ద విమానాలు పోయి బాంబులు వేసేవి. వెంకటగిరియప్ప చూపు డేగచూపు, ఇంకెవరికీ కనబడనివి అతడికి కనబడతాయని దళంలో పేరొచ్చింది.

పూణచ్చ ఒకరోజు టీ తాగుతూ కన్నడంలో అడిగాడు. "ఆ పల్లెలో ఏమీ లేదు కదా సార్. రెండోసారి ఎందుకు దిగారు?"

"ఏదో కదిలినట్టు అనిపించింది."

"ముసలమ్మ. వడ్లు దంచుతోంది." పూణచ్చ నవ్వాడు. "మీరు దిగితే నేనూ దిగాలి. మా అమ్మకు నేను ఒక్కణ్ణే."

గిరి నవ్వి ఊరుకున్నాడు. నిజం అప్పుడే చెప్పి ఉంటే పూణచ్చ ఏమనేవాడో. కానీ యుద్ధంలో అక్కను వెతుకుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గనిపించింది.

మే నెలలో, ఇంఫాల్ చుట్టూ జపాను సేన బిగించి ఉన్న రోజుల్లో, ఒక లోయలో ఏడెనిమిది గుడిసెల పల్లె తగిలింది. గిరి ఒకసారి దిగి చూశాడు. గడపలో నీలం గుడ్డ ఏదో కదిలింది. చీరలాగే ఉంది. మళ్ళీ తిరిగాడు. రెండోసారి దిగేసరికి గుడిసెల వెనకనుంచి మరతుపాకులు ఒక్కసారిగా పేలాయి. పల్లె పల్లె కాదు. గుడిసెల నిండా ఫిరంగులు, వెనక అడవి నిండా లారీలు. గిరి విమానానికి తోకలో నాలుగు చిల్లులు పడ్డాయి. పూణచ్చకు కుడిచేతిలో గుండు దిగింది. ఎడమచేత్తోనే నడుపుకుంటూ ఎట్లాగో వచ్చి దిగాడు గానీ, చేతిని మోచేతి దాకా తీసేయాల్సి వచ్చింది. ఇంటికి పంపుతున్న రోజు స్ట్రెచర్ మీదనుంచి, "ఈసారి నిజంగానే ఉండింది సార్" అన్నాడు మెచ్చుకుంటూ.

ఆ ఫిరంగుల ఆచూకీ తెలియడం వల్ల ఒక పటాలం మొత్తం బతికి బయటపడిందట. గిరికి వైమానిక వీరులకిచ్చే డి.ఎఫ్.సి. పతకం ఇచ్చారు. నీలం గుడ్డ సంగతి అతడు ఎవరికీ చెప్పలేదు.

ఆ డిసెంబరులో సెలవు మీద వస్తే బళేపేట వర్తకులందరూ కలిసి సత్రంలో సన్మానం పెట్టారు. తోరణాలు కట్టారు, నాదస్వరం పెట్టారు. గిరి వద్దంటే పిల్లప్ప ఊరుకోలేదు. ఎగరబోయిన కొడుకును తిట్టిన మనిషే, సిల్కు తలపాగా చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పార్వతమ్మ ఆడవాళ్ళ వైపు, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఓబళప్ప ఎక్కడో చివర్లో, స్తంభం పక్కన.

శ్రీనివాసప్ప అని హైస్కూలు మేష్టరు ఒకాయన, పతకంతో వచ్చిన ప్రశంసాపత్రాన్ని అందరికీ తెలిసేలా తెలుగు చేసి గొంతెత్తి చదివాడు. "శత్రువుల తుపాకులను లెక్కచేయక, చెట్ల తలలకన్నా దిగువకు పదే పదే దిగి, టాము దారినీ దాని పక్కనున్న పల్లెలన్నింటినీ ఒక్కొక్కటిగా, విడవక, వెతికి చూసిన వీరుడు..."

చప్పట్లు మోగాయి. గిరి తల దించుకుని కూర్చున్నాడు. తల ఎత్తేసరికి స్తంభం పక్కన ఓబళప్ప లేడు. పెరటి తలుపు వైపు తూలుతూ పోతున్నాడు. ఆ నడక చూసి గిరికి ఎందుకో మనసు కీడు శంకించింది. మెడలో దండ తీయకుండానే లేచి వెంట వెళ్ళాడు.

సత్రం పెరట్లో వంటవాళ్ళు కాగులు కడిగి బోర్లించి ఉంచారు. బావి గట్టు మీద ఓబళప్ప రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది బావా? ఒళ్ళు బాగలేదా?"

ఓబళప్ప తల ఎత్తలేదు. "పల్లెపల్లెకూ దిగినావంట కదా. ఎవరి కోసరం వెతికినావు గిరీ?"

"నీకు తెలియదా?"

"తెలిసింది. ఇప్పుడు తెలిసింది. క్యాంపు లేదప్పా. మేము క్యాంపు చేరనేలేదు."

గిరి ఒక అడుగు ముందుకు వేశాడు.

"వాంతులు, భేదులు. దారంతా అదే రోగం. పొద్దున మొదలైంది దానికి. వాగు పక్కన చెట్టుకింద పడుకోబెడితిని. మధ్యాహ్నానికి అయిపోయింది. కాల్చేదానికి ఎండుకట్టె లేదు. గుంత తీసేదానికి చేతిలో ఏమీ లేదు. టేకాకులు కోసుకొచ్చి కప్పినాను, రాళ్ళు పెట్టినాను. బిడ్డ అమ్మా అమ్మా అని ఏడుస్తా ఉండాది. గుంపు ముందుకు పోతా ఉండాది. గుంపు తప్పితే మేమిద్దరమూ ఆడనే పోయేవాళ్ళం."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేదానికే వచ్చినాను. దారంతా ఆ మాటనే నోట్లో పెట్టుకోని వచ్చినాను. అంగడి ముందర మామ నా వెనక చూసినాడు. ఆ చూపుకు నా నోరు పడిపోయింది. ఒకరోజు పోనీ, రెండు రోజులు పోనీ అనుకుంటిని. అత్త దీపం పెట్టేది చూస్తే ఇంక..."

గిరి అతడి చొక్కా పట్టుకుని లేపాడు. దండలోని చేమంతులు రాలి ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి. "పూణచ్చ చెయ్యి పోయింది బావా! ఇరవై రెండేళ్ళవాడు! నేను దిగితే వాడు దిగినాడు. లేని మనిషి కోసరం దిగినాను నేను."

"కొట్టప్పా" అన్నాడు ఓబళప్ప. "కొట్టు. నా బేజారు అప్పుడైనా తీరుతుంది."

ఎత్తిన చెయ్యి గిరికి దిగలేదు. చొక్కా వదిలేశాడు. ఓబళప్ప మళ్ళీ గట్టు మీద కూలబడ్డాడు. లోపల ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారు. కాసేపటికి ఓబళప్ప కళ్ళు తుడుచుకుని, ఎవరితోనో కాదు, తనతోనే అనుకుంటున్నట్టు చెప్పాడు.

"విమానం మోత వినబడితే జపానువాళ్ళదేమో అని అందరూ అడవిలోకి పరుగెత్తేవాళ్ళు. ఇది మాత్రం పోదు. దారి నడిమధ్య నిలబడి తలెత్తి చూసేది. మా తమ్ముడు పోతా ఉండాడు, చూడండి అనేది. చెయ్యి పట్టి గుంజినా వచ్చేది కాదు. పోయే ముందు రోజు కూడా ఒకటి పోయింది. కనబడకుండా పోయే వరకూ చూసింది."

అది 1942 మే నెల. ఆ నెలంతా గిరి పెషావరులో, వేల మైళ్ళ అవతల, గుడారంలో ఎండకు ఉడికిపోతూ కొత్త విమానాల కోసం ఎదురుచూస్తున్నాడు. అక్క చూసినవి ఎవరివో ఏమో. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

"ఇంట్లో నువ్వే చెప్పాల బావా" అన్నాడు. "నేను పక్కన ఉంటాను."

మరునాడు ఉదయం టిఫిన్లయ్యాక ఓబళప్ప అత్తమామల ముందు కూర్చుని చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు. పార్వతమ్మ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, వింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. అల్లుణ్ణి తిడుతుందనుకున్నారు. తిట్టలేదు.

"ఆకలితో పోయిందా?" అని మాత్రం అడిగింది.

"లేదత్తా. ముందు రాత్రి గంజి తాగింది."

పిల్లప్ప గొంతు సవరించుకుని, "చేతులకు గాజులుండెనా?" అన్నాడు.

"ఉండె మామా. అన్నీ ఉండె. నేను తీయలేదు."

పిల్లప్ప తల ఊపి, పైపంచ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి గిరి చూపు తిప్పుకున్నాడు.

విమానాల మాట కూడా ఓబళప్ప చెప్పాడు. అది విన్నప్పుడు పార్వతమ్మ మొదటిసారి కదిలింది. గోడ వదిలి ముందుకు వంగి కొడుకు మోకాలు పట్టుకుంది.

"నువ్వేనా అప్పా అది?"

గిరి ఆ వేసవిలో పెషావరులో ఉన్నాడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడి ఎండల గురించి అతడే చెప్పి నవ్వించాడు ఒకప్పుడు. పిల్లప్ప పంచ దించి కొడుకు వైపు చూశాడు.

"నేనే అమ్మా" అన్నాడు గిరి.

"కనబడిందా నీకు?"

"కనబడింది."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదే?"

"అక్కేనని గట్టిగా తెలియలేదమ్మా. బావ చెప్పినాక ఇప్పుడు తెలిసింది."

ఆమె వేళ్ళు మోకాలి మీద బిగుసుకున్నాయి. "ఎట్లుండె నా బిడ్డ?"

గిరి తల్లి చేతి మీద చెయ్యి వేశాడు. "బాగుండెనమ్మా. దారి మధ్యన నిలబడి ఉండె. తల ఎత్తి చూసింది. చెయ్యి ఊపింది."

"నువ్వేం చేస్తివి?"

"నేనూ రెక్కలు ఆడించినాను."

అప్పుడు ఏడ్చింది పార్వతమ్మ. రెండున్నరేళ్ళు ఆపుకున్నదంతా ఏడ్చింది. వీధిలో దుకాణాలవాళ్ళు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏం జరుగుతోందో తెలియని వెంకటలక్ష్మి వచ్చి అవ్వ పక్కన కూర్చుని, ఆమె చెంగు పట్టుకుంది.

వారం తిరక్కుండానే అందరూ శ్రీరంగపట్నం పోయి, అక్కడ పశ్చిమవాహిని అనే నదీరేవులో కర్మ చేశారు. ఓబళప్ప పిండం వదిలి ఒడ్డుకు రాలేక నీళ్ళలోనే నిలబడిపోతే, గిరి దిగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. సెలవు అయిపోయి వెనక్కి పోతూ, దారి మార్చుకుని మడికేరిలో పూణచ్చ ఇంటికి పోయాడు. పూణచ్చకు నిజం చెప్పాడు. పూణచ్చ కొండల వైపు చూస్తూ, "ముందే చెప్పి ఉంటే నేనూ కిందికి చూసేవాణ్ణి కదా సార్" అన్నాడు. పూణచ్చ తల్లి మాత్రం బయటికి రాలేదు.

యుద్ధం అయిపోయింది. గిరి మరుసటి ఏడు ఉద్యోగం వదిలేశాడు. దళంలో పెద్దవాళ్ళు ఉండమని ఎంతో చెప్పారు. ఇంక ఎగరాలని లేదన్నాడు. బళేపేటకు వచ్చి తండ్రి దుకాణంలో, బావ పక్కన కూర్చున్నాడు. బావా బావమరుదులు ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

పార్వతమ్మ ఎత్తేది. శ్రావణ మాసంలో గాజులు వేయించుకోవడానికి ఆడవాళ్ళు వస్తే, వాళ్ళ చేతులు నొక్కి గాజులు ఎక్కిస్తూ చెప్పేది. "నా బిడ్డ దిక్కులేకుండా పోలేదమ్మా. వాళ్ళ తమ్ముడు ఆకాశాన వచ్చి చూసి పోయినాడు. అది చెయ్యి ఊపితే ఇతను రెక్కలు ఆడించినాడు." ఏడాదికేడాది ఆ కథ కొంచెం పెరిగేది. సావిత్రమ్మ చీర రంగు వచ్చి చేరింది. ఆమె నవ్వు వచ్చి చేరింది. వింటున్నవాళ్ళు కళ్ళొత్తుకుని, లోపల కూర్చున్న గిరి వైపు గౌరవంగా చూసేవాళ్ళు. గిరి లేచి, సర్దిన గాజుల పెట్టెలనే పై అరలోంచి దించి, మళ్ళీ మొదటినుంచి సర్దుకునేవాడు.